ఎయిర్ అంబులెన్స్ బీమా: వరంగల్ ప్రయాణికుల కోణంలో

ఇంటికి దూరాన ఉన్న మనిషికి ప్రాణం మీదికొచ్చి, ఉన్నచోట వైద్యం చాలదని డాక్టర్లు తేల్చినప్పుడు, వైద్య సిబ్బంది పక్కనే కనిపెట్టుకుని ఉండగా విమానంలోనో హెలికాప్టర్‌లోనో మరో ఆసుపత్రికి చేర్చడాన్ని వైద్య విమాన తరలింపు అంటారు. వాడుకలో ఎయిర్ అంబులెన్స్ అన్న మాటే స్థిరపడింది. ఆ ఖర్చు తామే పెట్టుకుంటామని బీమా కంపెనీగానీ, చందా కట్టించుకునే సభ్యత్వ సంస్థగానీ, పనిలో పెట్టుకున్న యజమానిగానీ, ప్రభుత్వంగానీ ఇచ్చే హామీ తరలింపు రక్షణ.

ఓరుగల్లు నుంచి అమెరికాకు చదువుకు వెళ్లే పిల్లలు, వాళ్ల పురుళ్లకూ పసిబిడ్డల సాకుడుకూ వెళ్లే తల్లిదండ్రులు, గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లు, చార్‌ధామ్‌కూ అమర్‌నాథ్‌కూ కైలాసానికీ గుంపుగా కదిలే యాత్రికులు, వీళ్లలో చాలామంది చేతిలో ఈ హామీ ఏదో ఒక రూపంలో ఉంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఒక గడిలో టిక్ పెడితే వచ్చేసిన పాలసీ కావచ్చు, వీసా కోసం ఏజెంటు చేయించినది కావచ్చు. చదివినవాళ్లు తక్కువ. "ఏమన్నా అయితే విమానంలో ఇంటికి తెస్తారట" అన్నది దాని మీద జనంలో ఉన్న నమ్మకం. కాగితం మీద రాసి ఉన్నది మాత్రం చాలాసార్లు అది కాదు.

నాలుగు వేర్వేరు పనులు

ఒకే మాట కింద కలిసిపోయిన పనులు నాలుగున్నాయి. కొండ మీదో వరద నీళ్లలోనో చిక్కిన మనిషిని బయటికి లాగడం రక్షణ చర్య. అక్కడి నుంచి సరైన వైద్యం దొరికే దగ్గరి ఆసుపత్రికి చేర్చడం తరలింపు. పరిస్థితి కుదుటపడ్డాక సొంత దేశానికి పంపడం స్వదేశానికి చేర్చడం. ప్రాణం పోతే పార్థివ దేహాన్ని పంపడం నాలుగోది. ఒక పాలసీలో వీటిలో రెండే ఉండవచ్చు, నాలుగూ ఉండి ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉండవచ్చు.

2023 జూలైలో భూపాలపల్లి జిల్లాను వాన ముంచెత్తినప్పుడు, నైనపాక దగ్గర జేసీబీ మీదికెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్న ఆరుగురిని వాయుసేన హెలికాప్టర్ ఎత్తుకొచ్చింది. అది మొదటి రకం. అందులో ఎవరి పాలసీ నంబరూ ఎవరూ అడగలేదు. 2022లో ఉక్రెయిన్ నుంచి వైద్య విద్యార్థులను తెచ్చిన ఆపరేషన్ గంగ కూడా వైద్య తరలింపు కాదు, యుద్ధం నుంచి తప్పించడం. అందులోనే ఒక మినహాయింపు ఉంది. కీవ్‌లో తూటా దెబ్బలు తిన్న భారతీయ విద్యార్థి ఒకరు ఆ ఏడాది మార్చి 7న వాయుసేన సీ-17 విమానంలో స్వదేశం చేరాడు. సాధారణ ప్రయాణ పాలసీల్లో యుద్ధం మినహాయింపుల జాబితాలో ఉంటుంది కాబట్టి అలాంటి చోట సర్కారు తప్ప దిక్కులేదు.

కొద్దిగా చరిత్ర

1870లో పారిస్ ముట్టడిలో గాయపడ్డ సైనికులను బెలూన్లలో తరలించారన్న కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వినడానికి బాగుంటుందిగానీ పరిశీలించినవాళ్లు దాన్ని కొట్టిపారేశారు. నికరమైన మొదలు మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో సెర్బియాలో కనిపిస్తుంది. మన పక్కనే బర్మా అడవుల్లో 1944 ఏప్రిల్‌లో ఒక చిన్న సికోర్‌స్కీ హెలికాప్టర్ గాయపడ్డ బ్రిటిష్ సైనికులను ఒక్కొక్కరినే బయటికి తెచ్చింది. అంతకుమించి మోసే శక్తి దానికి లేదు. యుద్ధరంగంలో హెలికాప్టర్ చేసిన మొదటి రక్షణగా దాన్ని చెబుతారు.

పౌరులకు సంబంధించి రెండు నమూనాలు ముఖ్యం. ఆస్ట్రేలియాలో జాన్ ఫ్లిన్ అనే పాస్టర్ పట్టుదలతో 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లోంకరీ నుంచి మొదటి ఫ్లయింగ్ డాక్టర్ విమానం లేచింది. రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్‌గా అది ఇప్పటికీ నడుస్తోంది. స్విట్జర్లాండ్‌లో 1952లో పుట్టిన రేగా సంస్థ ఏటా కొద్ది చందా కట్టే పోషక సభ్యుల మీద బతుకుతుంది. ఆపదలో వాళ్ల దగ్గర బీమాకు అందని ఖర్చు వసూలు చేయదు. అది బీమా ఒప్పందం కాదు, కృతజ్ఞతగా వదిలేయడం. నేటి సభ్యత్వ పథకాలన్నీ ఈ ఆలోచన చుట్టాలే.

మామునూరు, ఆ తర్వాత రోడ్డు

వరంగల్‌కు విమానాశ్రయం లేదనుకోవడం పొరపాటు. 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో మామునూరులో కట్టినది ఆ రోజుల్లో దేశంలోని పెద్దవాటిలో ఒకటి. 1981 దాకా అక్కడ విమానాలు దిగాయి. తర్వాత మూతబడింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచినప్పుడు దాని ఒప్పందంలో నూటయాభై కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండటంతో మామునూరు ఆశ ఇంకా వెనక్కు పోయింది. నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం దీనికి పచ్చజెండా ఊపింది. ఉన్న 696 ఎకరాలకు మరో 253 ఎకరాలు కలపాలన్నది ప్రణాళిక.

ఇది మన విషయానికి ఎందుకంటే, ఎయిర్ అంబులెన్స్ ఎక్కాలన్నా దిగాలన్నా వరంగల్ రోగి ముందు హైదరాబాద్ పోవాలి. శంషాబాద్‌కో, వాణిజ్య సర్వీసులు పోయాక చార్టర్ విమానాలకూ వాయుసేనకూ మిగిలిన బేగంపేటకో. హన్మకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అంటే మన ఎంజీఎం, నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్‌కు రోగిని పంపాలంటే రోడ్డే దారి. ఆ దూరానికి విమానం అడిగేవాళ్లూ లేరు, అవసరమూ లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 బండి వచ్చాక ఈ దారిలో ప్రాణాలు నిలబడటం పెరిగింది.

బీమా మాత్రం ఈ రోడ్డును వేరుగా చూస్తుంది. ఈ వ్యాపారంలో రెండు మాటలు నడుస్తాయి: బెడ్-టు-బెడ్, వింగ్-టు-వింగ్. మొదటిదాంట్లో అక్కడి ఐసీయూ మంచం నుంచి ఇక్కడి ఐసీయూ మంచం దాకా, మధ్యలోని రెండు రోడ్డు ప్రయాణాలతో సహా, బాధ్యతంతా ఆ సంస్థదే. రెండోదాంట్లో విమానం రెక్క నుంచి విమానం రెక్క దాకే. దింపిన చోటి నుంచి వెంటిలేటర్ ఉన్న బండి, దాని వెంట డాక్టరు, వాళ్ల బిల్లు మనవి. విమానాశ్రయం ఊళ్లోనే ఉన్న ఢిల్లీవాళ్లకు ఈ తేడా గంట ప్రయాణం. హన్మకొండవాళ్లకు మూడు గంటలు.

విమానంలో ఏం జరుగుతుంది

మన దేశంలో ఎక్కువగా తిరిగేవి బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ లాంటి రెండు పంకాల చిన్న విమానాలు. దూరాభారానికి లియర్‌జెట్ లాంటి జెట్లు. లోపల సీట్లు పీకేసి ఒక పక్కన స్ట్రెచర్ బిగిస్తారు. దాని కిందే ఆక్సిజన్, తలవైపు మానిటర్, వెంటిలేటర్, మందు చుక్కల లెక్కన పంపే సిరంజి పంపులు. డాక్టరు, నర్సు మోకాళ్లు తగిలేంత ఇరుకులో కూర్చుంటారు. బంధువుల్లో ఒక్కరికి చోటుంటే అదృష్టం. తలుపు చిన్నది, మెట్లు నిటారు. రోగిని ఎక్కించేటప్పుడు నలుగురు పట్టి, స్ట్రెచర్ వాల్చి, తీగలూ గొట్టాలూ లాగకుండా లోపలికి తిప్పుకోవాలి. వెంటిలేటర్ మీదున్న మనిషి విషయంలో ఆ నాలుగు నిమిషాలే డాక్టరుకు ఎక్కువ చెమట పట్టిస్తాయి.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. లోపల ఒత్తిడి నిలిపే విమానంలో కూడా మనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్టే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనే ఆక్సిజన్ శాతం తొంభై పైచిలుకుకు దిగుతుంది. న్యుమోనియా రోగికి ఆ దిగుడు ప్రమాదం. రెండో చిక్కు గాలి వ్యాకోచం. ఆ ఎత్తులో శరీరంలో చిక్కుకున్న గాలి దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు, తలకు దెబ్బ తగిలి పుర్రెలో గాలి దూరినవాళ్లు, పేగుల ఆపరేషన్ కొత్తగా అయినవాళ్లు అందుకే వెంటనే ఎగరకూడదు. తప్పదంటే విమానం తక్కువ ఎత్తులో పోవాలి, ఇంధనం ఎక్కువ తాగుతుంది, దారిలో ఆగాలి. శ్వాసనాళంలో గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న బుడగ కూడా ఉబ్బుతుంది కాబట్టి అందులో గాలి తగ్గిస్తారు, లేదా సెలైన్ నింపుతారు. కొత్తగా వేసిన సిమెంటు కట్టును పొడవునా చీరుస్తారు. ఇవన్నీ తెలిసిన డాక్టరు సంతకం చేసేదాకా విమానం కదలదు. బంధువులకు అది ఆలస్యంగా కనిపిస్తుంది, కానీ వైద్యం అక్కడే మొదలైంది.

ఖర్చు అంత ఎందుకవుతుందో చెప్పడం కష్టం కాదు. విమానం వేరే ఊళ్లో ఉంటుంది. ఖాళీగా రావాలి, రోగిని దింపి ఖాళీగా పోవాలి. రెండు వైపులా లెక్క మనదే. పైలట్ల పని గంటలకు పరిమితి ఉంది కాబట్టి దూరమైతే రెండు జట్లు కావాలి. దారిలోని దేశాల అనుమతులు, ఇంధనం నింపే మజిలీలు, విమానాశ్రయాల రుసుములు. దేశంలోపలే లక్షల్లో అవుతుంది. అమెరికా నుంచి హైదరాబాద్‌కు ఐసీయూ విమానమంటే కోటి రూపాయలు దాటడం మామూలు.

పాలసీలో ఉండే మాటలు

తరలింపు రక్షణలో గొడవలన్నీ దాదాపు ఐదారు మాటల చుట్టూ తిరుగుతాయి. మొదటిది "తగిన వైద్యం దొరికే దగ్గరి ఆసుపత్రి". చాలా ప్రయాణ పాలసీలు హామీ ఇచ్చేది అంతవరకే. డెహ్రాడూన్‌లో పక్షవాతం వస్తే ఢిల్లీ, బాలీలో గుండెపోటు వస్తే సింగపూర్. హైదరాబాద్ కాదు. "అక్కడ మనవాళ్లున్నారు, చూసుకోవడానికి వీలు" అన్న కారణం కంపెనీకి కారణం కాదు. ఇష్టమైన ఆసుపత్రికి చేర్చే హామీ వేరే సరుకు. 1985లో సింగపూర్‌లో మొదలైన ఇంటర్నేషనల్ ఎస్ఓఎస్ లాంటి సంస్థలు కంపెనీల ఉద్యోగులకు సేవలు అమ్ముతాయి. అమెరికాలో మరికొన్ని సభ్యత్వ సంస్థలు ఆసుపత్రిలో చేరిన సభ్యుణ్ణి సొంత ఊరి ఆసుపత్రికి చేరుస్తాయి. ఆసుపత్రి బిల్లు మాత్రం అవి కట్టవు. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

రెండోది "వైద్యపరంగా అవసరం". నిర్ణయం కుటుంబానిది కాదు. అక్కడ చూస్తున్న డాక్టరుతో మాట్లాడి బీమా కంపెనీ తరఫు డాక్టరు తేలుస్తాడు. విమానమా, రోడ్డా, మామూలు విమానంలో నర్సు తోడా అన్నదీ ఆయన మాటే. ఆసుపత్రి మీద నమ్మకం లేకపోవడం వైద్యపరమైన అవసరం కిందికి రాదు.

మూడోది ముందస్తు అనుమతి. ఇది అన్నింటికంటే ఎక్కువమందిని ముంచుతుంది. పాలసీ కాగితం మీద ఇరవైనాలుగు గంటల ఫోన్ నంబరు ఉంటుంది. ముందు అక్కడికి ఫోన్ చేయాలి. కేసు నంబరు తీసుకోవాలి. వాళ్లే విమానం పెట్టాలి. కంగారులో మనమే ఎవరినో మాట్లాడుకుని, అడ్వాన్సు కట్టి, తర్వాత బిల్లు పెడితే కొన్ని పాలసీలు కొంత ఇస్తాయి, కొన్ని పైసా ఇవ్వవు. పరాయి ఊళ్లో అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడ్డ మనిషికి ఆ నంబరు ఎక్కడుందో గుర్తుండదు. ఈమెయిల్‌లో పీడీఎఫ్‌గా ఉంటుంది, ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. ప్రయాణంలో ఉన్నవాళ్ల దగ్గరే కాక ఇంట్లో ఉన్న ఒకరి దగ్గర కూడా ఆ కాగితం అచ్చు వేసి ఉంచడం ఇందుకే.

నాలుగోది ముందునుంచి ఉన్న జబ్బు. "షుగరూ బీపీ ఈ రోజుల్లో ఎవరికి లేవులే" అని ప్రపోజల్ ఫారంలో రాయకుండా వదిలేస్తారు. గుండెపోటు వచ్చి చేరాక అక్కడి డాక్టరు కేస్ షీట్‌లో "పదేళ్లుగా మధుమేహం" అని రాస్తాడు, చెప్పింది పక్కనున్న ఇంటావిడే. తరలింపు క్లెయిమ్ అక్కడ ఆగిపోతుంది.

ఐదోది పరిమితి ఎక్కడ లెక్కేస్తారన్నది. యాభై వేల డాలర్ల పాలసీలో తరలింపు కూడా ఆ యాభై వేలలోనిదే అయితే, నాలుగు రోజుల ఐసీయూ బిల్లు మొత్తం తినేశాక విమానానికి ఏమీ మిగలదు. తరలింపుకు వేరే మొత్తం ఉందా అన్న ఒక్క ప్రశ్న ఏజెంటును అడిగితే చాలు, పాలసీ నాణ్యత సగం తెలిసిపోతుంది.

ఎత్తు మీద షరతు, సాహస క్రీడలు, మద్యం, నెలలు నిండిన గర్భం, వైద్యం కోసమే చేసే ప్రయాణం లాంటి మినహాయింపులు ఎక్కువ పాలసీల్లో ఉండేవే.

క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగం, తర్వాత ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రలను చూసే కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. 

అమెరికా దారి

వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. అదే ఏడాది రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ, వచ్చింది. ఆ రెండు గేట్ల నుంచి అమెరికా పోయినవాళ్ల సంఖ్య చిన్నది కాదు. విచిత్రమేమంటే ఒకే ఊరి నుంచి, ఒకే దేశానికి పోయిన ఇద్దరికి తరలింపు రక్షణ వేర్వేరుగా ఉంటుంది. రెసిడెన్సీకి జే-1 వీసా మీద పోయిన డాక్టరుకు అది తప్పనిసరి. 2015 మే నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఒక్కో జబ్బుకు లక్ష డాలర్ల వైద్యం, తరలింపుకు 50 వేలు, పార్థివ దేహం పంపడానికి 25 వేల డాలర్ల రక్షణ ఉండాలి. ఎమ్మెస్ చదవడానికి ఎఫ్-1 మీద పోయిన తమ్ముడికి అలాంటి కేంద్ర నిబంధన ఏదీ లేదు, యూనివర్సిటీ ఏం పెడితే అది. మంచి యూనివర్సిటీలు తరలింపును కలిపే పాలసీ ఇస్తాయి. చదువయ్యాక పని అనుభవం కోసం ఇచ్చే ఓపీటీ గడువులో ఆ రక్షణ ఆగిపోతుంది, ఉద్యోగం దొరికే దాకా చాలామంది ఏ పాలసీ లేకుండా కార్లు నడుపుతుంటారు.

తల్లిదండ్రుల సంగతి వేరు. బీ-2 వీసా మీద ఆరు నెలలకు పోయే అరవై ఐదేళ్ల తండ్రికి అమెరికా బీమా అడగదు. కెనడా సూపర్ వీసా అడుగుతుంది: ఏడాది పాటు కనీసం లక్ష కెనడా డాలర్ల రక్షణ, స్వదేశానికి చేర్చడంతో సహా. యూరప్‌లో షెంజెన్ వీసాకు 30 వేల యూరోల పాలసీ ఉండాలి, అందులోనూ స్వదేశానికి చేర్చడం ఉండాలి. అడగని చోటే తక్కువ రకం పాలసీ కొంటారు. సందర్శకులకు అమ్మేవాటిలో ఒక్కో సేవకు ఇంతే అని గీత గీసేవి చవక. బిల్లులో శాతం లెక్కన భరించేవి ఖరీదు. డాలస్‌లో కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు పాత గుండె జబ్బు తిరగబెడితే "హఠాత్తుగా ముదిరిన పాత జబ్బు" అన్న ఖానా కింద కొన్ని పాలసీలు భరిస్తాయి, వయసు మీద పరిమితి పెట్టి.

అమెరికాలో లోపలి తరలింపే పెద్ద దెబ్బ. అక్కడి ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2017లో హెలికాప్టర్ అంబులెన్స్ మధ్యస్థ బిల్లు 36,400 డాలర్లు, విమానానిది 40,600. 1978 నాటి విమానయాన చట్టం వల్ల రాష్ట్రాలు ఆ ధరలను అదుపు చేయలేకపోయాయి. 2022 జనవరి నుంచి అమలైన చట్టం ఆరోగ్య బీమా ఉన్నవాళ్లను ఆ అనూహ్య బిల్లుల నుంచి కాపాడుతోంది. రోడ్డు అంబులెన్సును మాత్రం అందులో కలపలేదు. సందర్శకుల పాలసీలు ఆ చట్టం కిందికి రావు.

అక్కడ కుటుంబం నిలబడలేనప్పుడు తెలుగు సంఘాలు కదులుతాయి. వాటిలో ఒకటైన తానాకు టీమ్ స్క్వేర్ పేరుతో అత్యవసర సాయానికి ప్రత్యేక బృందమే ఉంది. గోఫండ్‌మీలో పేజీ తెరిచి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, వారంలో డబ్బు కూడగట్టడం మనవాళ్లకు అలవాటైన పద్ధతి. ఊరివాళ్ల దయ మీద ఆధారపడిన బీమా అనుకోవచ్చు.

గల్ఫ్ దారి: స్ట్రెచర్ కేసు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చే రోగికి ప్రత్యేక విమానం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఉండేది స్ట్రెచర్ కేసు. మామూలు ప్రయాణికుల విమానంలో వెనక వరుసల్లో ఆరు నుంచి తొమ్మిది సీట్లు మడిచి, పైన స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కడతారు. అన్ని సీట్ల డబ్బూ కట్టాలి. పక్కన డాక్టరో నర్సో ఉండాలి, వాళ్ల రానుపోను టికెట్లు మనవే. ముందు మెడిఫ్ అనే ఫారం నింపాలి. అందులో జబ్బేమిటి, రోగి కూర్చోగలడా, మూత్రం గొట్టం ఉందా, నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ కావాలి, దారిలో చనిపోయే అవకాశముందా అన్నది కూడా చూస్తున్న డాక్టరు రాయాలి. విమాన సంస్థ డాక్టర్లు దాన్ని చూసి ఒప్పుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. చవక విమానాలు చాలావరకు ఒప్పుకోవు. ఇవతల చేర్చుకునే ఆసుపత్రి బెడ్ ఉందని ఉత్తరం ఇవ్వాలి. నిమ్స్‌లో బెడ్ కోసం ఊళ్లో తిరిగే తమ్ముడూ, దుబాయ్‌లో కంపెనీ మేనేజర్ చుట్టూ తిరిగే తోటి పనివాడూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తుంటారు.

అసలు చట్టప్రకారం ఏముంది? పదో తరగతి పాసుకానివాళ్ల లాంటి, వలసకు సర్కారు అనుమతి కావాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్టు కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలై 2017లో మారిన ఈ పథకంలో రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. వైద్యానికి మొత్తం లక్ష, ఒక్కసారి చేరితే 50 వేల దాకా. మొదటి ఏడాదిలో జబ్బుతో పనికి పనికిరాడని తేల్చి కాంట్రాక్టు రద్దు చేస్తే ఇంటికి వన్‌వే ఎకానమీ టికెట్. ఒక సీటు. తొమ్మిది సీట్ల స్ట్రెచర్‌కు ఆ ఒక్క సీటు ఏ మూలకు? మూడు వందల చిల్లర ప్రీమియానికి అంతకన్నా ఆశించలేమన్నదీ నిజమే. కానీ దీన్ని తరలింపు రక్షణ అని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

ఆ ఖాళీని కొంత పూడ్చేది 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి. రాయబార కార్యాలయాల్లో వసూలయ్యే చిన్న రుసుములతో నడిచే నిధి ఇది. దిక్కులేని కార్మికుల అత్యవసర వైద్యానికీ, స్వదేశానికి పంపడానికీ, పార్థివ దేహాల తరలింపుకూ కాన్సులేట్లు దీన్ని వాడతాయి. ఇది హక్కు కాదు, అర్హత చూసి ఇచ్చే సాయం. 2020 జూలైలో దుబాయ్‌లో కోవిడ్‌తో నెలలు గడిపిన జగిత్యాల ప్రాంతపు కార్మికుడొకరికి కోటిన్నర రూపాయల పైచిలుకు బిల్లును ఆసుపత్రి మాఫీ చేసి, ఉచిత టికెట్ మీద ఇంటికి పంపారు. పత్రికలు దాన్ని మానవత్వంగా రాశాయి, నిజమే. అది ఒక్కరికి జరిగింది.

దేశంలోపల, కొండల మీద

ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెరిగింది. అది ఆసుపత్రి చికిత్స కోసం పెట్టిన పథకం, విమానం కోసం కాదు. ప్రైవేటు ఆరోగ్య పాలసీల్లో ఇప్పుడు ఎయిర్ అంబులెన్స్ ఖానా కనిపిస్తుంది. కొన్నింటిలో ఒక్కోసారికి రెండున్నర లక్షలు, ఏడాదికి ఐదు లక్షలు. ప్రమాదం జరిగిన చోటి నుంచి ఆసుపత్రికే తప్ప, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి ఇవ్వమనే పాలసీలున్నాయి. అసలు తరలింపుల్లో ఎక్కువ ఆసుపత్రి నుంచి ఆసుపత్రికే జరుగుతాయి కాబట్టి ఈ షరతు ఉన్న పాలసీలో ఆ ఖానా అలంకారమే.

కొన్ని రాష్ట్రాలు సొంతంగా మొదలుపెట్టాయి. మధ్యప్రదేశ్ 2024లో పీఎం శ్రీ ఎయిర్ అంబులెన్స్ తెచ్చింది, ఆయుష్మాన్ కార్డుదారులకు ఉచితం. రిషికేశ్ ఎయిమ్స్ నుంచి 2024 అక్టోబరులో సంజీవని పేరుతో హెలీ అంబులెన్స్ మొదలైంది. చార్‌ధామ్ పోయే తెలుగు యాత్రికులకు ఇది తెలిసి ఉండాల్సిన సంగతి. 2025 మే 17న రోగి కోసం కేదార్‌నాథ్ వెళ్తూ ఆ హెలికాప్టరే గట్టిగా నేల తాకి తోక విరిగింది. పైలట్, డాక్టర్, నర్సు బతికి బయటపడ్డారు.

కైలాస యాత్రలో చిక్కు వేరు. నేపాల్ వైపు సిమికోట్, హిల్సాల నుంచి హెలికాప్టర్లు ఉన్నాయి. టిబెట్ వైపు ప్రైవేటు హెలికాప్టర్ రాదు, జబ్బుపడ్డ మనిషిని బండిలో సరిహద్దు దాకా తేవాల్సిందే. 2018 జూలైలో వాతావరణం చెడి ఆ రెండు చోట్లా వందల మంది భారతీయులు చిక్కుకున్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మబ్బు పట్టినప్పుడు డబ్బున్నా పాలసీ ఉన్నా హెలికాప్టర్ లేవదు. అదే ఏడాది నేపాల్‌లో మరో భాగోతం బయటపడింది: తలనొప్పి వచ్చిన ట్రెక్కర్లను అవసరం లేకున్నా హెలికాప్టర్ ఎక్కించి, ఒకే ప్రయాణానికి పలువురి బీమా కంపెనీల దగ్గర విడివిడిగా బిల్లులు గుంజడం. ముందస్తు అనుమతి మీద కంపెనీలు అంత పట్టుబట్టడానికి అదొక కారణం.

ప్రమాదాలు

ఎయిర్ అంబులెన్సులు రాత్రిపూట, తొందరలో, కొత్త చోట్లకు ఎగురుతాయి. 2011 మే 25న పాట్నా నుంచి ఢిల్లీకి రోగిని తెస్తున్న విమానం ఫరీదాబాద్‌లో ఇళ్ల మీద కూలి, లోపలున్న ఏడుగురూ కింద ముగ్గురూ చనిపోయారు. 2021 మే 6న రోగిని తీసుకెళ్తూ నాగ్‌పూర్‌లో లేచిన కింగ్ ఎయిర్ చక్రం ఒకటి ఊడి రన్‌వే మీదే పడిపోయింది. పైలట్ దాన్ని ముంబైలో నురుగు పరిచిన రన్‌వే మీద పొట్టతో దింపాడు. అందరూ క్షేమం. ఆ రెండో కోవిడ్ కెరటంలో ఊపిరితిత్తుల పనిని యంత్రంతో చేయించే ఎక్మో చికిత్స కోసం ఉత్తరాది నుంచి రోగులను హైదరాబాద్‌కు విమానాల్లో తెచ్చేవారు. తెలంగాణకు ఎయిర్ అంబులెన్సులు అంత ఎక్కువగా వచ్చింది అప్పుడే.

వరంగల్‌కు వచ్చేవాళ్లు

ఇదే ప్రశ్న తిరగేసి కూడా చూడాలి. 2021 జూలైలో రామప్ప గుడి యునెస్కో జాబితాలోకి ఎక్కాక పాలంపేటకు విదేశీయులు పెరిగారు. ఎన్ఐటీలో బయటి దేశాల పిల్లలు చదువుతున్నారు. మేడారం జాతరకు హన్మకొండ నుంచి హెలికాప్టర్లు తిప్పుతారు, అవి దర్శనానికే. ములుగు అడవిలో ఒక జర్మన్ పర్యాటకుడికి గుండెపోటు వస్తే అతని పాలసీకి మనమే "దూరపు చోటు". అతని బీమా కంపెనీ డాక్టరు ఫోన్ చేసి మొదట అడిగేది "అక్కడ క్యాథ్ ల్యాబ్ ఉందా" అని. వరంగల్‌లో ఉంది కాబట్టి తగిన వైద్యం దొరికే దగ్గరి ఆసుపత్రి వరంగలే అవుతుంది. వరంగల్ పాత జైలు స్థలంలో కడుతున్న రెండు వేల పడకల ఆసుపత్రి పూర్తిగా నడిచాక ఆ లెక్క ఇంకా బలపడుతుంది.

మామునూరు తెరుచుకునే దాకా తిరుగు ప్రయాణం ఒకే తీరు. శంషాబాద్‌లో తెర కట్టిన స్ట్రెచర్‌ను చివరి ప్రయాణికుడు దిగాక దింపుతారు. ఇమిగ్రేషన్ ముద్ర పడుతుంది. వెనక తలుపు తెరిచిన బండిలోకి ఎక్కిస్తారు. డ్రైవరు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగుతాడు. బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, మడికొండ. పక్కన కూర్చున్న కొడుకు ఫోన్‌లో చూస్తున్నది బండి బిల్లు ఎవరి పేర రాయించాలన్న మెసేజీ.